వంటింటి పొయ్యి మీద మూత్రం టెస్టు, తీరని తిరుపతి మొక్కు, మధ్యలో మా అత్తగారు

చింటుగాడి_అమ్మ
మా వాడికి 3 ఏళ్ల 2 నెలలు. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు, కిడ్నీల జబ్బు. మందు మొదలుపెట్టి ఇవాళ్టికి 6 రోజులు. నిద్ర పట్టక రాస్తున్నా, ఎక్కువైతే ఏమనుకోకండి.

నెల కిందట పొద్దున లేచేసరికి కళ్లు ఉబ్బి ఉండేవి, సాయంత్రానికి దిగిపోయేవి. మొదట చూపించిన చోట ఎలర్జీ అని సిరప్ రాశారు. రెండు వారాలు పోశాం. ఈలోగా బుగ్గలు వచ్చాయి. చూసిన ప్రతివాళ్లూ "ఇప్పుడు ముద్దొస్తున్నాడు, ఏం పెడుతున్నావే" అనడం, నేను మురిసిపోవడం. ఓ రోజు సాక్సు తీస్తే దాని అచ్చు కాలి మీద గాడిలా పడి అరగంటైనా పోలేదు. అప్పుడు వేరే డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. మూత్రంలో ప్రోటీన్ 4 ప్లస్, అంటే బాగా ఎక్కువ పోతోందట.

ఇంట్లో ఇప్పుడు రెండు గొడవలు. రోజూ పొద్దున తొలి మూత్రం పట్టి టెస్ట్‌ట్యూబులో కాచి చూసుకోమన్నారు. మా ఆయన వంటింట్లో గ్యాసు మీదే పెట్టేశారు. మా అత్తగారు మడి మనిషి. "అన్నం వండే పొయ్యి మీద ఉచ్చ కాస్తారట్రా" అని ఆ పూట ముద్ద ముట్టలేదు. పైగా ఈయన దాన్ని ఆట చేశారు. ట్యూబులో ప్రోటీన్ తెల్లగా విరిగితే "పెరుగు", తేటగా ఉంటే "నీళ్లు". చింటుగాడికి పెరుగంటే ప్రాణం. రోజూ పటకారు పక్కన ముక్కు పెట్టి నిలబడి "పెలుగొచ్చింది!" అని చప్పట్లు కొడతాడు. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి నేనూ చప్పట్లు కొడతా. అత్తగారేమో "రోగంతో పరాచకాలాడితే అది ఇంట్లోనే తిష్ట వేస్తుంది" అంటారు.

రెండోది మొక్కు. పుట్టెంట్రుకలు తిరుపతిలో తీయిస్తామని అనుకున్నాం. ఆ ఏడు మామగారు పోయారు, ఏటిసూతకం. తర్వాత ఒకసారి టికెట్లు దొరకలేదు, ఒకసారి ఈయనకి సెలవు దొరకలేదు. ఇప్పుడు "ఆయన సొమ్ము మనింట్లో ఉంచుకున్నాం, అందుకే ఇలా చూపించాడు" అంటున్నారు అత్తగారు. ఈ వారమే వెళ్లాలట. డాక్టరేమో కొన్నాళ్లు జనంలోకి తీసుకెళ్లొద్దన్నారు.

నేను దేవుణ్ణి నమ్మేదాన్నే, అందుకే ఆ మాట దిగబడిపోయింది. ఇది పడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గోదారి_గాలి
ఆయ్, పడ్డామండి. మా పాపకి రెండున్నరేళ్లప్పుడు. ఇప్పుడు 7. నిన్న దాని ప్రోగ్రెస్ కార్డు చూసి నాకు బీపీ వచ్చింది గానీ దానికి మాత్రం ఏ బాధా లేదు.

మా డాక్టరుగారు చెప్పింది చెప్తాను. కిడ్నీలో రక్తం వడగట్టే జల్లెడ ఉంటుంది. దాని కన్నాలు వదులైతే రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలోకి జారిపోతుంది. రక్తంలో అది తగ్గేసరికి నీళ్లు ఒంట్లోకి ఊరి వాపు. అంతేగానీ కిడ్నీలు పోయినట్టు కాదు. మా చుట్టాల్లో ఒకాయన ఆస్పత్రికొచ్చి "కిడ్నీ ఎవరిస్తున్నారు మరి" అని అడిగాడు, ఆపిల్ పళ్లు చేతిలో పెట్టి. ఎక్కువగా 2 నుంచి 6 ఏళ్ల లోపు పిల్లలకి వస్తుంది, అందులోనూ మగపిల్లలకి ఎక్కువ. నూటికి 80 మందికి పైగా స్టెరాయిడ్‌కి లొంగుతుంది. చాలామందికి రెండు వారాల్లోపే ట్యూబు తేటపడుతుంది. మీది ఆరో రోజేగా, గాబరా పడకండి.

పొయ్యి గొడవకి మందుంది. సల్ఫోసాలిసిలిక్ యాసిడ్ అని ల్యాబు సామాన్ల షాపులో దొరుకుతుంది. మూత్రంలో కొన్ని చుక్కలు వేస్తే చాలు, కాచక్కర్లేదు. లేదంటే మందుల షాపులో స్ట్రిప్పులున్నాయి, ముంచి డబ్బా మీది రంగుతో పోల్చుకోవడమే. కాస్త ఖరీదు. మేం మొదట స్ట్రిప్పులు, తర్వాత యాసిడ్. పెరట్లో పంపు దగ్గర అరుగు మీద చేసేవాణ్ణి. పక్కింటాయన నేను నాటుసారా కాస్తున్నానని అనుకున్నాడు చాన్నాళ్లు.

మిర్చిబజ్జి
మొక్కు గురించి కంగారెందుకు అక్కా. ఆయన వడ్డికాసులవాడు. ఆలస్యమైతే వడ్డీ వేసుకుంటాడు గానీ పిల్లాడి మీద కేసు పెట్టడు.

చింటుగాడి_అమ్మ
@మిర్చిబజ్జి ఆరు రోజుల్లో మొదటిసారి నిజంగా నవ్వాను. థాంక్స్ తమ్ముడూ.

శారద_టీచర్
నాకు ఈ ధోరణి నచ్చలేదు. రిటైరైన టీచర్ని, నాకూ మనవలున్నారు. ఆ అత్తగారి వయసే నాదీ. పెద్దావిడ బాధపడుతుంటే మీరంతా దేవుడి మీద, రోగం మీద జోకులా? పసివాడి మూత్రంలో సారం పోతుంటే చప్పట్లు కొట్టించడమేమిటి? రేపు పెద్దయ్యాక వాడికి తెలిస్తే ఏమనుకుంటాడు?

గోదారి_గాలి
శారద మేడమ్, పెద్దయ్యాక మా నాన్న నన్ను నవ్వించాడు అనుకుంటాడు. ఇంకేమనుకుంటాడు?

శారద_టీచర్
మీకు మాట తొందర.

నర్సమ్మ_వరంగల్
లొల్లి ఆపుండ్రి జెర. పిల్లల వార్డుల 11 ఏండ్ల సంది చేస్తున్న, పనికొచ్చేది చెప్త.

చెల్లె, పిలగాని బరువెంత, మందు ఎన్ని ఎంఎల్ పోస్తున్నవ్? ఈ స్టెరాయిడ్, అదే ప్రెడ్నిసొలోన్ సిరప్, రెండు తీర్ల వస్తది. ఒకటి 5 ఎంఎల్‌ల 5 ఎంజీ, ఇంకోటి 5 ఎంఎల్‌ల 15 ఎంజీ. సీసాలు ఒక్క తీరుగనే కొడ్తయ్. పేరు చూసి తెచ్చుకుంటరు, అంకె చూడరు.

ఇంకోటి. జరమొచ్చి కడుపు నొస్తున్నదంటే రాత్రి రెండైనా సరే దవాఖానకు ఉరకాలె. ఈ బీమారిల కడుపుల ఇన్ఫెక్షన్ అయితది, స్టెరాయిడ్ ఉంటే బయటికి ఎక్కువ కనపడది గూడ. పొద్దుగాల చూద్దాం అనొద్దు.

ఎవలింట్లనన్న అమ్మవారు పోస్తే దూరముంచుండ్రి. మనోళ్లు ఆటలమ్మ అని ఎవలకు చెప్పరు, యాపమండ కట్టి ఊకుంటరు. మీ పిలగాడు ఆడికి పోయి ఆడొచ్చిండని తెలిస్తే అదే దినం డాక్టర్‌కు ఫోన్ చెయ్యాలె.

చింటుగాడి_అమ్మ
అక్కా, వాపు రాకముందు 12 కిలోలు. ఆ లెక్కనే రోజుకి 24 ఎంజీ, పొద్దున టిఫిన్ తిన్నాక ఒకేసారి. 8 ఎంఎల్. ఇప్పుడే లేచి వెళ్లి ఫోన్ లైటుతో సీసా చూశా, 15 అనే ఉంది. గుండె దడ తగ్గింది.

ఆ 8 ఎంఎల్ పోయడం ఇంకో పెద్ద కథ. పచ్చి చేదు. రెండో రోజు మా ఆయన ఆంజనేయస్వామి పటం దగ్గర కూచోబెట్టి "ముందు హనుమ తాగుతాడు, తర్వాత నువ్వు" అన్నారు. అప్పటి నుంచీ స్వామి నోటికి ఒక చుక్క అద్దందే వీడు నోరు తెరవడు. పటం మూతి దగ్గర జిగట మరక, చీమలు కూడా. అత్తగారు తుడుస్తారు, వీడు మళ్లీ అద్దుతాడు.

మిర్చిబజ్జి
ఆయన కండలు చూస్తే ఎప్పుడో మొదలుపెట్టినట్టున్నాడు అక్కా.

గోదారి_గాలి
@మిర్చిబజ్జి ఒరేయ్ 😂 ఆ స్టెరాయిడ్ వేరు, ఈ స్టెరాయిడ్ వేరు. దీనికి కండలు రావు, బుగ్గలు, పొట్ట, ఆకలి వస్తాయి.

అయినా ఆంజనేయస్వామికి మనబోటి కష్టమే. ఏ మూలికో గుర్తుపట్టలేక కొండంతా పట్టుకొచ్చాడు. డాక్టర్ చేతిరాత చదవలేని మెడికల్ షాపువాడు కూడా అంతే, ఉన్న సీసాలన్నీ తీసి కౌంటర్ మీద పెడతాడు.

@నర్సమ్మ చెప్పిన సీసా గొడవ మాకు జరిగింది. మొదటి రిలాప్స్‌లో అంటే జబ్బు మొదటిసారి తిరగబెట్టినప్పుడు, షాపులో 15 బదులు 5 ఇచ్చారు, నేను చూసుకోలేదు. నాలుగు రోజులు మూడోవంతు మందే పోశాను. ట్యూబులో మార్పు లేదు. మందు పనిచేయట్లేదని మా ఆవిడ, నేను కిందా మీదా పడి ఏడుస్తుంటే డాక్టరుగారు సీసా తెమ్మన్నారు. తప్పు నాదే. అప్పట్నుంచి సీసా మీద మార్కర్‌తో పెద్దంకె రాస్తాను.

ఆకుపసరు_అప్పారావు
ఇంగ్లీషు మందులు పసిపిల్లలకి విషం. తెల్ల గలిజేరు ఆకు కషాయం పొద్దున పరగడుపున, బార్లీ నీళ్లు రోజంతా. 21 రోజుల్లో వాపు మటుమాయం. వీడియోలు ఎన్నో ఉన్నాయి చూడండి.

నర్సమ్మ_వరంగల్
అప్పారావన్నా, వాపున్న పిలగానికి డాక్టర్లు తాగే నీళ్లకే లెక్క పెడ్తరు. నువ్వు రోజంతా బార్లీ నీళ్లు పొయ్యమంటున్నవ్. ఆ నీళ్లన్ని యాడికి పోవాలె?

గలిజేరు పప్పుల ఏసుకుని పెద్దోళ్లు తినుండ్రి, ఎవలొద్దన్నరు? మూడేండ్ల పోరనికి గ్లాసెడు కషాయం ఎంత డోసో నీకెరుకనా? మా వార్డుల ఓ ఆడపిల్ల, ఐదు వారాలు స్టెరాయిడ్ తాగినంక ఎవలో చెప్పిండ్రని ఒక్క దినంల బంద్ పెట్టి పసరు పట్టిండ్రు. అట్ల ఒక్కపారి ఆపొద్దు. బయటికెల్లి ఇస్తున్నప్పుడు ఒళ్లు తన సొంత స్టెరాయిడ్ చేసుకునుడు బంద్ చేస్తది. ఆ పిల్ల లేవలేక సోలిపోయి వచ్చింది. బతికింది. నేను చేతుల ఎత్తుకుని లోపలికి ఉరికిన, ఆ బరువు నాకింక యాదికున్నది.

ఆకుపసరు_అప్పారావు
మీరు నర్సు కాబట్టి అలాగే అంటారు.

నర్సమ్మ_వరంగల్
అవ్ మరి. నర్సును గదా.

రెడ్‌హిల్స్_చాయ్
మేం నిలోఫర్‌లో 9 రోజులున్నాం. బాబు 2 ఏండ్ల 8 నెలలు అప్పుడు. ఉప్పు లేని తిండి. నేను బయట కేఫ్ నిలోఫర్‌లో చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తిని, మూతి తుడుచుకుని లోపలికి పోయేవాణ్ణి. మూడో రోజు మావాడు నా చొక్కా వాసన చూసి "నాన్నా బిక్కీ" అని ఏడుపు లంకించుకున్నాడు. వార్డంతా నన్నే చూసింది. ఆ బిస్కెట్‌లో తీపితో పాటు ఉప్పు కూడా ఉంటుంది కదా, ఇవ్వలేను. ఆ వారం నేనూ మానేశాను. పాపం మూడు కిలోలు తగ్గాను, అందులో మంచి కూడా ఉంది.

చింటుగాడి_అమ్మ
మా ఇంట్లో ఆవకాయ జాడీని అటక మీద పెట్టేశాం. అత్తగారే "వాపు తగ్గేదాకా ఇంటిల్లిపాదికీ చప్పిడే" అని తీర్మానించారు. కానీ రోజూ సాయంత్రం గుప్పెడు ఉప్పుతో వాడికి దిష్టి తీస్తారు. ఇప్పుడు మా ఇంట్లో ఉప్పు ఖర్చంతా దిష్టికే.

డల్లాస్_బావ
దిష్టి అంటే గుర్తొచ్చింది. మా అబ్బాయికి ఇక్కడ ఇదే వస్తే మా అమ్మ తెనాలి నుంచి వీడియోకాల్‌లో దిష్టి తీసింది. ఫోన్‌ని గోడకి ఆనించి, ఆ ఫోన్ చుట్టూ ఉప్పు, ఎండుమిర్చి మూడుసార్లు తిప్పింది. మర్నాడు ఆ ఫోన్ కిందపడి స్క్రీన్ పగిలింది. "చూశావా, దిష్టంతా దానికి పోయింది" అంది. వాదించలేకపోయాం.

ఇక్కడి పిల్లల ఆస్పత్రుల్లో చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ అని ఒకరుంటారు. రక్తం తీసే ముందు ఆవిడ ఒక గుడ్డబొమ్మ తెచ్చి, ముందు దాని చేతికి మా వాడితోనే సూది గుచ్చించి, బ్యాండేజీ వేయించింది. తర్వాత వాడి వంతు. ఏడ్చాడు గానీ చెయ్యి లాక్కోలేదు. మీ ఆయన పటానికి మందు అద్దించడం సరిగ్గా అదే పని. డిగ్రీ లేకుండా చేస్తున్నారు.

శారద_టీచర్
ఆ పోలిక నాకు తట్టలేదు, నిజమే. కానీ బొమ్మ వేరు, దేవుడు వేరు.

గోదారి_గాలి
మేడమ్, మన భక్తులకి దేవుడితో ఆ చనువు ఎప్పటి నుంచో ఉంది. గోల్కొండ జైల్లో కూచుని రాముణ్ణి తిట్టిపోసిన రామదాసుని మనం భక్తుడనే అంటున్నాం కదా. చింటుగాడు పాపం తిట్టట్లేదు, సిరప్ పోస్తున్నాడు. ఉన్నదాంట్లో వాటా ఇస్తున్నాడు.

గుణదల_దీపం
రెండు రోజులుగా చదువుతున్నా, రాయాలా వద్దా అని. గోదారి గాలి గారు చెప్పినంత తేలిగ్గా అందరికీ తేలదు. చెల్లిని భయపెట్టాలని కాదు, తర్వాత ఒక్కసారిగా కుంగిపోకూడదని.

మావాడికి మొదటిసారి 9 రోజుల్లో తేటపడింది. 6 వారాలు రోజూ, ఇంకో 6 వారాలు రోజు విడిచి రోజు, మందు పూర్తయింది. ఆనందం పట్టలేక గుణదల మాత గుడిలో ఆదివారం కృతజ్ఞత పూజ పెట్టించాం. బంధువులందరికీ భోజనాలు. బుధవారం పొద్దున ట్యూబు చూస్తే 3 ప్లస్. గురువారం, శుక్రవారం అదే. మూడు రోజులు వరసగా 3 ప్లస్ వస్తే రిలాప్స్ అంటారు. నాకు రోగం కంటే సిగ్గు ఎక్కువైంది. భోజనాలు తినిపోయిన వాళ్లకి ఏం చెప్పాలి? ఫాదర్‌గారి దగ్గరికెళ్లి "తొందరపడ్డాను, మాత నన్నేమనుకుంటుందో" అని ఏడ్చాను. ఆయన "కృతజ్ఞతలు వాపసు తీసుకునే పద్ధతి మన దగ్గర లేదమ్మా, ఉంచుకో, పనికొస్తాయి" అన్నారు.

ఆ తర్వాత ఇంకో మూడుసార్లు వచ్చింది, ప్రతిసారీ జలుబు వెనకాలే. మాటిమాటికీ స్టెరాయిడ్ ఎక్కువవుతోందని లెవామిసోల్ రాశారు. అది ఒకప్పటి నులిపురుగుల మందు. మా మామయ్య చీటీ చూసి "కిడ్నీకి, నులిపురుగులకి ఏంటి సంబంధం" అని డాక్టర్ మీద అనుమానం పెంచుకున్నాడు. ఇప్పుడు ఏడాది దాటింది, ట్యూబు తేటగా ఉంది. పెద్దయ్యేకొద్దీ చాలామందికి పోతుందన్నారు. నేను రోజులు లెక్కపెట్టడం మానేశాను. ప్రార్థనలో ప్లస్సుల గురించి అడగడం కూడా మానేశాను, వాడి నిద్ర గురించి అడుగుతా.

చింటుగాడి_అమ్మ
అక్కా, మంచిదే రాశారు. భయమేసింది గానీ ఇలా ముందే తెలియడమే మేలు.

గోదారి_గాలి
నిజమేనండి, మాకూ రెండు రిలాప్సులొచ్చాయి. ఊరడించే తొందరలో నేను అది కింద ఎక్కడో సీసా కథలో దూర్చేశాను.

నెల్లూరు_అమ్మీ
మొక్కు గురించి నేను చెప్తా. మా బిడ్డకి వచ్చినప్పుడు మొహర్రం నెల. మా బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ. ఆరోగ్యం కావాల్సినోళ్లు ఆరోగ్య రొట్టె పట్టుకుంటారు, కోరిక తీరినోళ్లు మళ్లీ ఏడు వచ్చి రొట్టె ఇస్తారు. ఎంత జనమొస్తారో తెలుసు కదా. డాక్టరమ్మ బిడ్డను తీసుకుపోవద్దంది. మా అత్త "బిడ్డ లేకుండా రొట్టె పట్టుకుంటే పనిచేస్తుందా" అంది. నేనొక్కదాన్నే పోయి మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి పట్టుకున్నా. ఇచ్చినామె నుదుటిన రూపాయంత బొట్టు, వాళ్ల అబ్బాయికి గుండె ఆపరేషన్ అయిందంట. పేరు కూడా అడగలేదు.

మరుసటి ఏడు రొట్టె ఇయ్యాల. సరిగ్గా వారం ముందు మళ్లీ వాపు. ఇయ్యాలా వద్దా? అబద్ధం రొట్టె అవుతుందేమో అని నా భయం. మా అత్తే అనింది, "పదకొండు నెలలు బాగున్నాడు కదా, ఆ పదకొండు నెలల రొట్టె ఇచ్చేయ్. మిగతా నెలకి ఇంకోటి పట్టుకో" అని. ఒక చేత్తో ఇచ్చా, ఒక చేత్తో తీసుకున్నా.

పిల్లాడు రాకపోతే దేవుడికి అడ్రసు తెలీదా ఏంది.

మిర్చిబజ్జి
రొట్టె విరిచి లెక్క తేల్చిన ఆ అత్తగారిని మా ఆఫీసు అకౌంట్స్‌లో పెట్టుకోవాలి.

శారద_టీచర్
నెల్లూరు అమ్మాయి రాసింది రెండుసార్లు చదివాను.

చింటు అమ్మా, ఇప్పుడు నిన్నే అడుగుతున్నా. ఈ ఆరు రోజుల్లో మీ అత్తగారికి ఏ పని ఇచ్చారు? పరీక్ష మీ ఆయనది, మందు నీది, డాక్టరు మీ ఇద్దరిదీ. ఆవిడ భర్త పోయి ఎన్నాళ్లో కాలేదు, ఇప్పుడు మనవడు. చేతిలో పనిలేని భయం నోట్లోంచి వస్తుంది. నా మనవరాలికి ఫిట్స్ వచ్చినప్పుడు నేనూ ఇలాగే కోడల్ని దులిపేశాను, ఏ వ్రతమో సరిగా చేయలేదని. ఇప్పటికీ ఆ పిల్ల ఆ మాట మర్చిపోలేదు. అనకుండా ఉండాల్సింది.

ముడుపు కట్టించు. కొత్త గుడ్డ పసుపులో తడిపి ఆరబెట్టి, అందులో రూపాయి పదకొండో నూటపదహారో, ఆవిడ చేతే కట్టించి దేవుడి దగ్గర పెట్టించు. "బాగయ్యాక వచ్చి తీర్చుకుంటాం" అని ఆవిడ నోటితోనే చెప్పించు. ఇంట్లోంచి కదల్లేనప్పుడు మన పెద్దలు చేసిన ఏర్పాటే అది. తిరుమల ఎక్కడికీ పోదు.

పరీక్ష రాసుకునే క్యాలెండరు కూడా ఆవిడకే అప్పగించు.

నర్సమ్మ_వరంగల్
టీచరమ్మ మస్తు చెప్పింది. గుండు గీకిస్తె గూడ మందు డోస్ తగ్గినంక, డాక్టర్‌ను అడిగి, కొత్త బ్లేడుతోని. చిన్న గాటు పడ్డా ఇప్పుడు మంచిది గాదు.

ఇంకోటి యాదికొచ్చింది. పల్స్ పోలియో అప్పుడు ఇంటికొచ్చి చుక్కలేస్తమంటే స్టెరాయిడ్ నడుస్తున్నదని చెప్పి డాక్టర్‌ను అడిగినంకనే. ప్రాణమున్న టీకాలు ఈ డోస్‌ల ఇయ్యరు. ఇంట్ల ఇంకో చిన్నపిల్లలుంటే వాళ్ల సంగతి గూడ అడుగు. ఆశా అక్కతోని కొట్లాట పెట్టుకోకు, చీటి చూపియ్యి.

చింటుగాడి_అమ్మ
వాళ్లమ్మతో ఈయనా, అత్తగారితో నేనూ ఇంత సూటిగా ఎప్పుడూ మాట్లాడలేదు. నిన్న రాత్రి మాట్లాడా. ముడుపు అనగానే ఆవిడ ఏమీ అనలేదు. పొద్దున లేచేసరికి పసుపు గుడ్డ తీగ మీద ఆరుతోంది.

క్యాలెండరు తీసుకున్నారు. తెలుగు క్యాలెండర్లో తిథి పక్కన ఎర్ర పెన్నుతో "4 ప్లస్". దశమి, 4 ప్లస్. ఏకాదశి, 3 ప్లస్. ఇంకో రూలు కూడా వచ్చింది, సోమవారం ఏడున్నరకి రాహుకాలం మొదలవుతుంది కాబట్టి ఆ లోపే పరీక్ష అయిపోవాలట. యాసిడ్ చుక్కలు తెచ్చాం, పరీక్ష బాల్కనీలోకి మారింది. పొయ్యికి మాత్రం రెండుసార్లు పసుపునీళ్లు చల్లారు.

ఆకలి సంగతి ఎవరూ చెప్పలేదే ముందు! రాత్రి మూడింటికి లేచి "అన్నం" అంటాడు. పెడితే తిని, కంచం నాకి, "ఇంకో అన్నం" అంటాడు. నిన్న తలుపు తీసి ఉంటే ఎదురు ఫ్లాట్‌కి వెళ్లి బెల్లు అందక తలుపు బాదాడట. ఆవిడ తీస్తే "ఆంటీ, మీ ఇంట్లో ఏం కూల?" అన్నాడట. లేదంటే కోపం, రిమోట్ విసిరేస్తాడు. నా కొడుకేనా అనిపిస్తుంది.

గోదారి_గాలి
అది మందు కోపమండి, పిల్లాడిది కాదు. డోసు తగ్గేకొద్దీ మీ కొడుకు మీకు వచ్చేస్తాడు. కీర ముక్కలు, ఉప్పు లేని మరమరాలు, ఇడ్లీ దగ్గర పెట్టుకోండి. పప్పు, గుడ్డు మానొద్దు. ప్రోటీన్ పోతోంది కదా అని డబ్బాల కొద్దీ పొడులు పట్టనూ వద్దు, మామూలుగా తినేదే చాలన్నారు మాకు.

మా పాప ఆ రోజుల్లో పెళ్లి భోజనంలో పక్క విస్తరిలో లడ్డు తీసేసింది. ఆ విస్తరి పెళ్లికొడుకు మేనమామది.

గుణదల_దీపం
మావాడు పూజలో ఫాదర్‌గారు అప్పం పైకెత్తితే "నాకూ" అని గట్టిగా అరిచాడు.

చింటుగాడి_అమ్మ
పద్నాలుగో రోజు. చెప్పొద్దు, దిష్టి తగులుతుంది అని అత్తగారు అంటున్నా రాస్తున్నా.

పదకొండో రోజు కొంచెం పొగలా ఉంది, ట్రేస్, అంటే ఆనవాలు మాత్రమే అనుకున్నాం. పన్నెండు నిల్. పదమూడు నిల్. ఇవాళ కూడా నిల్. మూడు రోజులు వరసగా. ట్యూబు వెనక పేపరు పెట్టి చూస్తే అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. మా ఆయన ట్యూబుని అలా వెలుతురుకి పట్టుకుని ఉండిపోయారు, ఏమీ మాట్లాడలేదు. వాపు దిగి వాడి కాళ్ల మీద చర్మం ముడతలు పడి ముసలాడి కాళ్లలా ఉన్నాయి.

చింటుగాడు మాత్రం ఒకటే ఏడుపు, "పెలుగు లాలేదు, పెలుగు లాలేదు" అని. ఏ ఆటా మరిపించలేకపోయింది. అత్తగారు లేచి వెళ్లి, మీగడ తీసిన పెరుగు చిన్న స్టీలు గ్లాసులో పోసి, ఉప్పు వెయ్యకుండా, బాల్కనీలోనే వాడి ముందు పెట్టారు. తాగి, తెల్ల మీసాలతో చప్పట్లు కొట్టాడు.

క్యాలెండరు నేను ఇప్పుడే చూశా. ఈ మూడు రోజుల గళ్లలోనూ నిల్ అని రాయలేదావిడ. ఎర్ర పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో "నీళ్లు" అని రాశారు.

శారద_టీచర్
ఆవిడకి నా నమస్కారం చెప్పు.

నర్సమ్మ_వరంగల్
శానా సంతోషం చెల్లె. మందు మాత్రం ఆపకు. రోజూ పోసేది ఇంక 4 వారాలున్నది, ఆ తర్వాత దినం ఇడిసి దినం. కొత్త సీసా కొన్నప్పుడు అంకె చూడు.

చింటుగాడి_అమ్మ
చూస్తా అక్కా. మార్కర్ కొన్నా.

మిర్చిబజ్జి
ఇంతకీ ఎదురింటి ఆంటీ వాళ్ల ఇంట్లో ఏం కూరట?

చింటుగాడి_అమ్మ
దొండకాయ వేపుడు. వీడు వెళ్లి కనుక్కొచ్చాడు. వాడికి నచ్చలేదట, రేపు మళ్లీ వెళ్లి అడుగుతాడట.